శేఖర్ మెడలో కెమెరా, నా ఒళ్లో కెమెరా

మా చిన్నప్పుడు... గూడూరు నుంచి కోట వెళ్లే రోడ్డు మీద, నాయన మోపెడ్ వెనుక సీట్లో, కెమెరా సంచిని పసిబిడ్డలా ఒళ్లో పట్టుకుని కూర్చునేదాన్ని. నాకప్పుడు పదకొండేళ్లు.

మా నాయన మస్తాన్ పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. బయలుదేరే ముందు లెన్సు విప్పి పాత తువ్వాలులో చుట్టేవాడు. సంచి అడుగున అమ్మ కుట్టిన బొంత ముక్క... పైన ఉప్పుగాలి తగలకుండా ప్లాస్టిక్ కవరు. వెనక క్యారియర్‌కి మాత్రం కట్టేవాడు కాదు. "ఆ అదురుకి మరలన్నీ వదులైపోతాయి మే" అనేవాడు.

మా ఊళ్లోనే ఇంకో ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, శేఖర్ అని. కొత్త బైకు, కొత్త కెమెరా... దానికి సంచీ లేదు, కవరూ లేదు. బజారంతా చూడాలని మెడలో వేలాడేసుకుని తిరిగేవాడు. పోనీ ఫొటోలు బాగా తీస్తాడా అంటే, సగం మందికి తలలు ఉండేవి కావు. ఈ రకం మనుషులకు ఇప్పుడూ కరువు లేదు లెండి... ఆదివారం మైపాడు బీచి రోడ్డులో నిలబడితే పదిమంది కనిపిస్తారు.

ఒకసారి వాకాడు దగ్గర పెళ్లికి ఆడపెళ్లివాళ్లు నాయనను, మగపెళ్లివాళ్లు శేఖర్‌ను పిలిచారు. దారిలో మమ్మల్ని దాటుతూ అతను బండి నెమ్మది చేశాడు.

"ఏం మస్తానన్నా, కెమెరాకి జొరమా? బొంత కప్పి బిడ్డ ఒళ్లో పండబెట్టినావు."

"నువ్వు ముందు పో అబ్బయా" అన్నాడు నాయన.

మేం రెండు మలుపులు తిరిగేసరికి శేఖర్ రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. గేదె అడ్డం వచ్చిందట... బ్రేకు వేయగానే మెడలో కెమెరా ఊగి పెట్రోలు ట్యాంకుకు కొట్టుకుంది. లెన్సు నిలువునా పగిలింది. నేను నవ్వేశాను.

"నవ్వబాక మే" అన్నాడు నాయన.

శేఖర్ గొంతు తగ్గించాడు. "అన్నా, పెళ్లిలో చెప్పబాక. మావాళ్లని గూడా నువ్వే తియ్యి. రీళ్లు నేనిస్తా, నేనే కడిగించుకుంటా."

నాయన పగిలిన లెన్సు వైపు ఒకసారి చూశాడు. "ముహూర్తం పోతే మళ్లా రాదు గదా... పద" అన్నాడు.

ఆ రోజంతా నాయన రెండు వైపులా పరుగెత్తి తీశాడు. శేఖర్ మాత్రం పగిలిన కెమెరా కంటికి ఆనించి, "ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అంటూ ఉత్తుత్తిగా మీట నొక్కాడు. మగపెళ్లివాళ్లు అతనికి కుర్చీ వేసి కలర్ సోడా ఇచ్చారు.

నెల తిరక్కముందే అతని షాపు అద్దాల్లో ఆ పెళ్లి ఫొటో వెలిసింది. నాయన తీసిందే... తలలన్నీ ఉన్నాయి. కింద శేఖర్ స్టూడియో ముద్ర. అది చూసి మరో మూడు పెళ్లిళ్లకు అతన్నే పిలిచారు.

"నువ్వెందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగాను.

"ఆ పెళ్లికొడుకు అమ్మకి కొడుకు ఫొటో కావాల. ఉండాది. ఎవురు తీస్తే ఏంది?"

నాకా మాట అప్పుడూ నచ్చలేదు... నాయన పోయాక ఇంకా నచ్చడం లేదు. శేఖర్ మీద అసహ్యం ఇసుమంత కూడా తగ్గలేదు.

ఇప్పుడు పెళ్లిలో ప్రతి చేతిలోనూ ఫోనే... ఫొటో తీసేవాడి మొహం ఎవరికీ గుర్తుండదు. మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ ఉంటే ఒకసారి తెరవండి. వెనక ముద్ర చూసి ఆగిపోకండి... ఆ ఫొటోలు నిజంగా ఎవరు తీశారో పెద్దవాళ్లను అడిగి, ఆ పేరు ఈ కథ కింద రాయండి.