పుష్ప చెప్పిన జోకు

సౌదీలోని దమ్మామ్‌లో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సదానందాన్ని కార్మికుల క్యాంపులో అందరూ కామెడీ సదన్న అంటారు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. డ్యూటీలో ఉన్నంతసేపూ నోరు విప్పడు. శుక్రవారం సెలవు నాడు మాత్రం మెస్సులో అన్నం తిన్న చేతులు ఆరకముందే ఎవరో ఒకరు, "సదన్నా, షురూ చెయ్యే" అంటారు. అతను లేచి నిలబడితే చాలు, ఇంకా ఏమీ చెప్పకముందే నవ్వులు మొదలవుతాయి.

అతని జోకులన్నీ భార్య పుష్ప మీదే.

"నేను గల్ఫ్‌కు వస్తుంటే అందరి పెండ్లాలు ఏడ్చిన్రు. నా పెండ్లాం బ్యాగు లేపి చూసింది. 'వచ్చేటప్పుడు ఇంతకు డబల్ బరువుండాలె' అన్నది."

నిజానికి ఆ రోజు పుష్ప ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. కానీ ఆ మాట చెబితే ఎవరు నవ్వుతారు?

దమ్మామ్‌లో తెలుగు సంఘం నడిపే ప్రసాద్ భీమవరం మనిషి, ఇంజినీరు. ఒకసారి ఏదో పని మీద క్యాంపుకి వచ్చి సదానందం మాటలు విన్నాడు. ఉగాదికి సంఘంవాళ్లు ఇస్తిరాహా అనే ఒక విడిది తోటను అద్దెకు తీసుకుని, దాని పచ్చికలో స్టేజి కట్టించినప్పుడు అతన్నీ పిలిచాడు. ఎదురుగా కుటుంబాలు, పిల్లలు. సదానందం మొదటిసారి మైకు పట్టుకున్నాడు. భార్య చీపురుకట్ట పట్టుకుని వీడియో కాల్‌లోనే తనను ఎలా కొడుతుందో, తను ఇక్కడ మంచం కింద ఎలా దాక్కుంటాడో చేసి చూపించాడు. జనం పడీ పడీ నవ్వారు. ఎవరో తీసిన వీడియో ఫోన్ల మీద ఊరూరూ తిరిగింది. సదానందం దాన్ని తనే మళ్లీ మళ్లీ చూసుకుని మురిసిపోయాడు.

ఆ వీడియో పుష్ప దగ్గరికీ చేరింది. ఆమె బీడీలు చుడుతుంది. చుట్టిన కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకి వెళితే, అక్కడి ఆడవాళ్లు ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. ఆమెను చూడగానే ఒకామె, "వచ్చిందమ్మా చీపురుకట్ట!" అంది. నవ్వని మనిషి లేదు. ఆ తర్వాత కిరాణా దుకాణంలోనూ అదే మాట.

పుష్ప సదానందం ఫోన్ ఎత్తడం మానేసింది. ఎత్తిన నాడు ఒకటే అడిగింది.

"నేనెప్పుడన్న నిన్ను ఒక్క మాటన్ననా?"

"గది ఉత్త జోకే పుష్పా. అందరికీ ఎరుకే."

"నువ్వు నవ్వించుకుంట ఆడ ఉన్నవు. నేనీడ నవ్వులపాలైతున్న." ఫోన్ పెట్టేసింది.

సదానందం ఆ శుక్రవారం భార్య ఊసెత్తలేదు. సూపర్‌వైజర్ మీద చెబుదామంటే ఉద్యోగం భయం. ఎండ మీద, మెస్సు పప్పు మీద ఏవో చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. గదిలో అతని పక్క మంచం భోజన్నది. వయసులో పెద్దవాడు. మెస్సులోంచి లేచి వెళ్తూ అతని భుజం తట్టి, "ఏమైంది తమ్మీ, పానం బాగలేదా?" అన్నాడు. ప్రసాద్ ఫోన్ చేసి, "రంజాన్ సెలవుల్లో మళ్లీ ప్రోగ్రాం పెడుతున్నామండి. ఆ చీపురుకట్ట ఐటమే చేసేయండి సదానందం గారూ" అన్నాడు. సదానందం చేయనని చెప్పలేకపోయాడు, చేస్తానని కూడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే పుష్పకు ఫోన్ చేశాడు. "తప్పయింది. ఇగ నీ మీద చెప్ప. నాకు వేరేది చెప్పరాదు గనక, అసలుకే బంద్ చేస్త" అన్నాడు.

ఆమె "నీ మీద నేను చెప్తే ఎట్లుంటదో ఎరుకనా?" అంది.

"చెప్పు."

"పోయినసారి సెలవుల ఇంటికొచ్చినవా? తెల్లారి లేచి బకీటు పట్టుకొని బాత్రూం ముంగట నిలవడ్డవ్. ఎంతసేపైనా కదలవైతివి. ఏందయ్యా అంటే 'లోపల ఎవలో ఉన్నరు, లైన్ల ఉన్న' అన్నవ్. మనింట్ల లోపలెవలున్నరు? మా అవ్వ చాయ్ ఇస్తే అరబ్బీల షుక్రన్ అన్నవ్. బర్రెను 'ఆజా భాయ్' అని పిలిచినవ్."

సదానందానికి ముందు నవ్వు రాలేదు. క్యాంపులో రోజూ తెల్లారితే బాత్రూం ముందు లైనే. "నిజంగ లైన్ల నిలవడ్డనా?" అని అడిగాడు.

"నిలవడ్డవ్. నేను వంటింట్లకు పోయి నవ్విన. ఎనుక ఏడ్చిన. నీకు చెప్పలే."

అతను మెల్లగా, "ఇది స్టేజి మీద చెప్పుకోనా?" అన్నాడు.

"చెప్పుకో. కని నీదన్నట్టు చెప్పకు. నా పెండ్లాం చెప్పిందని చెప్పు."

రంజాన్ సెలవుల్లో, అదే ఇస్తిరాహాలో సదానందం బకెట్ పట్టుకుని స్టేజి ఎక్కాడు. "ఇది నా భార్య పుష్ప చెప్పిన ముచ్చట" అని మొదలుపెట్టాడు. కనపడని తలుపు ముందు నిలబడి, వెనక ఉన్నవాణ్ణి తోయవద్దని కసురుకుంటూ, లోపలివాణ్ణి తొందరగా రమ్మని హిందీలో బతిమాలాడు. "అయ్యా, ఇది మనిల్లు" అని పుష్ప గొంతుతో తనే అన్నాడు. క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు కూర్చున్న వెనక వరసల్లోంచి నవ్వు లేచింది. భోజన్న నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నేను సుత చేసిన్రా! నేను సుత!" అని పక్కవాడితో అంటూనే ఉన్నాడు.

ఆ వీడియో కూడా ఊరు చేరింది. పాతది మాత్రం పోలేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. తీసేయమని సదానందం అడిగితే అదీ జోకే అనుకుంటారు. పోయిన నెల రియాద్‌లోని సులై క్యాంపువాళ్లు పిలిస్తే వెళ్లి వచ్చాడు. మర్నాడు మళ్లీ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు.

కొత్త ముచ్చట్లు ఇప్పుడు పుష్పే ఫోన్‌లో చెబుతుంది. కొన్ని చెప్పి, "ఇది మనిద్దరిదే, బయట పెట్టకు" అంటుంది. అవి అతను బయట పెట్టడు. మొన్న ఊళ్లో ఒక పెళ్లిలో ఆడవాళ్లు పుష్పను పట్టుకుని ఏదైనా చెప్పమన్నారట. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి, నిలబడి చెప్పిందట. పందిరి ఎగిరిపోయేట్టు నవ్వారట.

"ఏం చెప్పినవే?" అని సదానందం అడిగాడు.

"ఆడోళ్ల ముచ్చట. నీకెందుకు?" అంది పుష్ప.