పరీక్షకు ముందు రెండు రోజులు

మా అన్నయ్య ఇరవై ఎనిమిదేళ్లు సెలూన్ నడిపాడు. తన కత్తికి ఒక్క చెంప కూడా తెగలేదని కనబడిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. గొప్పలకేం గాని, పని మాత్రం నిజంగానే బాగా చేసేవాడు.

నలభై అయిదో ఏట కంటి డాక్టరమ్మ గ్లాకోమా అని తేల్చింది. కంట్లో ఒత్తిడి పెరిగి, నరం మెల్లగా చచ్చిపోతుందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ పడుకునే ముందు చుక్కలు వేసుకోవాల్సిందే. అన్నయ్య బుద్ధిగా తలూపి, అక్కణ్ణించి నేరుగా ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. ఆయన త్రిఫల కషాయంతో కళ్లు కడుక్కోమన్నాడు.

"హాయిగా ఉంటుంది, అంతే. ఆ చుక్కలు మాత్రం మానకు నాయనా. ఈ ఒత్తిడి నా కషాయానికి లొంగేది కాదు," అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అందుకే ఎవరైనా ఆ ముసలాయన్ని తిడితే నాకు ఒళ్లు మండుతుంది.

మూడేళ్లు ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఒత్తిడి ఎప్పుడు కొలిచినా బాగానే ఉండేది. చూపు మాత్రం తగ్గిపోతూనే వచ్చింది. డాక్టరమ్మకు అంతుపట్టలేదు.

"రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్కరోజు కూడా తప్పలేదండీ."

చివరికి ఒకాయన చెవి తెగింది. సెలూన్ మూతపడింది.

ఆ ఏడే నాకూ అదే జబ్బని చెప్పారు. చుక్కలు రాసిచ్చారు, నేను కొనలేదు. క్రమం తప్పకుండా వేసుకున్న అన్నయ్యకే దక్కని చూపు నాకు దక్కుతుందా అనుకున్నాను. రెండేళ్లు తిరిగేసరికి కుట్టుమిషన్ మీద బట్ట అంచు కనబడటం మానేసింది. నీకే పనిచేయని చుక్కలు నాకెందుకని కొననేలేదని అన్నయ్యతో అన్నాను.

"నేనెక్కడ వేసుకున్నానే?" అన్నాడు. "పరీక్షకు ముందు రెండు రోజులు వేసేవాణ్ని. వేస్తే కళ్లు ఎర్రబడతాయి. ఎర్రకళ్లవాడి కత్తికి మెడ ఎవడిస్తాడు? తాగొచ్చాననుకుంటారు."

"నాకూ ఇదే జబ్బని తెలిశాకైనా చెప్పొద్దూ?"

"నువ్వు వేసుకుంటున్నావనుకున్నాను."

అప్పటికే నా ఎడమ కన్ను పూర్తిగా పోయింది. మిగిలినదాన్ని చుక్కలతో కాపాడుకుంటున్నాను. అన్నయ్యను క్షమించానని అబద్ధం చెప్పను. రోజూ గోడలు తడుముకుంటూ మా ఇంటికొస్తాడు. తలుపు తీస్తాను, అన్నం పెడతాను, ఎదురుగానే కూర్చుంటాను. తను తినడం ఆపి, మెడ అటూ ఇటూ తిప్పి అడుగుతాడు.

"ఉన్నావా చెల్లీ?"

నేను పలకను.