వెనక్కి తిప్పక్కర్లేని పాటల పుస్తకం

2022 ఎండాకాలం. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక అద్దాల కొట్టు పైన రెండు గదుల డీటీపీ ఆఫీసు మాది. పాఠ్యపుస్తకాలు, సావనీర్లు పేజీలుగా పేర్చి ప్రెస్సుకు పంపుతాం. ఇన్నేళ్లలో నన్ను కుర్చీలోంచి లేపి గంతేయించిన పని ఒక్కటే. అది నలభై కీర్తనల పుస్తకం.

తెచ్చింది సుగుణ టీచర్ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లోనే రిటైరయ్యారు. వాళ్ల చర్చిలో పాటలు పాడే పెద్దల బృందానికి, అంటే పెద్దల కోయిర్‌కు, ఆవిడే లీడర్. అందులో అందరూ డెబ్బై దాటినవాళ్లే. ఆదివారం జూబిలీ ఆరాధనకు పెద్ద అక్షరాల పుస్తకం కావాలన్నారు.

"అన్నీ కొత్త కీర్తనలమ్మా, ఇంకా కంఠస్థం కాలేదు. పోయినసారి అక్షరాలు పెద్దవి చేయిస్తే ఒక్కో పాట మూడు పేజీలైంది. చరణం అవగానే పల్లవి కోసం అందరం వెనక్కి తిప్పడమే. పాట మధ్యలో ఆగిపోయింది. ఈసారీ అలాగైతే ఇక కుర్రాళ్ల కోయిరే పాడుతుందని కమిటీవాళ్లు చెప్పేశారు."

గొంతు మామూలుగానే ఉంది గానీ, సంచి పిడిని మెలితిప్పుతూనే ఉన్నారు.

పాటలు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉన్నాయి. అంటే ఇది పల్లవి, ఇది చరణం అని ప్రతి ముక్కకూ పేరు తగిలించి దాచిన ఫైలు. ఆ ముక్కల్నే నోడ్‌లు అంటాం. ఏ నోడ్ పేజీ మీద ఎలా రావాలో చెప్పే నియమాలను స్టైల్‌షీట్‌లో రాస్తాం. మనమేమీ చెప్పకపోతే కంప్యూటర్ పైనుంచి కిందికి, ఒక్కో నోడ్‌నూ ఒక్కసారే పలకరించుకుంటూ పోతుంది. మొదటి ప్రూఫ్ అలాగే వచ్చింది: పైన పల్లవి, కింద చరణాలన్నీ వరసగా.

మా ఓనర్ యాదగిరన్న పెదవి విరిచారు. "గిట్లైతే పాతదానికీ దీనికీ ఏం ఫరక్ ఉన్నదమ్మా? రేపు సాయంత్రంలోపల ప్రెస్సుకు పోవాలె. పల్లవిని చేత్తోనే కాపీ చేసి పెట్టరాదు?"

నలభై పాటలు, ఒక్కోదానికి ఐదారు చరణాలు. చేత్తో పెడితే ఒక పాట పల్లవి ఇంకో పాటలోకి దూరడం ఖాయం. "జెర టైమియ్యి అన్నా," అన్నాను.

అప్పుడు తట్టింది! ముక్కలు ఫైల్లో ఏ వరసలో ఉంటేనేం, వాటిని ఏ వరసలో చూడాలో చెప్పేది నేను కదా! చరణం నియమం చివర ఒక్క లైను చేర్చాను: ఈ చరణం అయ్యాక పైకి వెళ్లి ఇదే పాట పల్లవిని మళ్లీ తీసుకురా. అప్లై-టెంప్లేట్స్ అనే ఆదేశంలో సెలెక్ట్ అనే చోట ఏ నోడ్ దగ్గరికి వెళ్లాలో దారి రాసిస్తే, కంప్యూటర్ అదే నోడ్ దగ్గరికి ఎన్నిసార్లయినా వెళ్తుంది. రన్ చేశాను. నలభై పాటల్లోనూ ప్రతి చరణం కిందా పల్లవి! గంతేసింది అప్పుడే. యాదగిరన్న చాయ్ తెప్పించారు.

మర్నాడు పొద్దున టీచర్ గారు ప్రూఫ్ చూసి మురిసిపోయారు. "ఒకసారి పాడి చూస్తానమ్మా," అని ప్రింటర్ పక్కనే నిలబడి ఎత్తుకున్నారు. మొదటి చరణం అయింది. పల్లవి మొదటి లైను పాడి ఠక్కున ఆగిపోయారు.

"పల్లవి మొత్తం పెట్టావా తల్లీ? మధ్యలో మేం మొదటి లైనే పాడతాం. ఆఖరి చరణం తర్వాతే మొత్తం. ఇంత కనబడితే సగంమంది పాడేస్తూ పోతారు, సగంమంది ఆగిపోతారు."

నా ప్రాణం ఉసూరుమంది. మెట్టుగూడలో మా ఇంటి వెనకే చర్చి. చిన్నప్పటి నుంచి పాటలు వింటూనే ఉన్నాను, ఈ సంగతి ఒక్కనాడూ గమనించలేదు.

"ముందే చెప్పొచ్చు కదా టీచర్ గారూ!"

"అందరికీ తెలిసిందే అనుకున్నానమ్మా."

ఇద్దరం నవ్వేశాం. వెంటనే పల్లవికి ఇంకో నియమం రాశాను. ఒకే నోడ్‌ను సందర్భాన్ని బట్టి వేరుగా చూపించడానికి మోడ్ అనే సదుపాయం ఉంది. ఆఖరి చరణమైతే పూర్తి పల్లవి, కాకపోతే మొదటి లైను. అరగంట కూడా పట్టలేదు. టీచర్ గారు మళ్లీ పాడారు, ఈసారి ఎక్కడా ఆగలేదు. "మస్తు కుదిరింది, ఇగ పంపు!" అన్నారు యాదగిరన్న.

ఆదివారం నేనూ వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. పన్నెండుమంది పెద్దవాళ్లు కళ్లజోళ్లు సర్దుకుని, పేజీలు ముందుకే తిప్పుకుంటూ పాడారు. ఆఖరి పల్లవిని అందరూ కలిసి అందుకున్నప్పుడు ఒళ్లు పులకరించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కోయిర్ ఇప్పటికీ పాడుతోంది.

ఇప్పుడు ఎవరు ఫైలు తెచ్చినా, తెరవకముందే అడుగుతాను: "దీన్ని మీరెలా వాడతారో ఒకసారి నా ముందు వాడి చూపించండి." కొందరు వింతగా చూస్తారు, చూడనీ. ఆ రోజు టీచర్ గారు పాడి చూపించకపోతే, ఒక్క అచ్చుతప్పు కూడా లేని తప్పుడు పుస్తకాన్ని ఆవిడ చేతిలో పెట్టి పంపేదాన్ని.