డి డ్రైవులో బిడ్డ వాటా

భద్రాచలంలో మా ఇంటి ముందు గదే మా ఆయన టైపింగు దుకాణం. అడవి ఊళ్ల నుంచి బస్సు దిగి వచ్చేవాళ్లు ఆయనతో అర్జీలు రాయించుకునేవారు. పోడు భూమికి పట్టా కావాలనో, పింఛను ఆగిందనో, ఊళ్లో బోరు వెయ్యమనో. రెండువేల ఏడో ఎనిమిదో, అప్పటికి టైపు మిషను మూలకు పోయి కంప్యూటరు వచ్చింది. ఎవరో వాడి అమ్మిన పాతదే. ఇంటికంతటికీ అదొక్కటే.

మా అమ్మాయి ఖమ్మంలో కంప్యూటర్ల చదువు చదువుతూ సెలవుకి వచ్చిపోయేది. ఆ ఆదివారం వస్తూనే సంచీలోంచి ఒక సీడీ తీసింది.

"నాయినా, పరీక్షల అంత లినక్స్ మీదనే చెయ్యాలె. కాలేజీల ఒక్క మిషనుకు నలుగురం కూసుంటున్నం. చెయ్యి తిరుగుతలేదు. మన దాంట్ల ఎక్కిచ్చుకుంట."

"మరి నా విండోస్ ఏమైతది?"

"దాని దారి దానిదే. ఒక్క డబ్బాల రెండు కాపురాలు. స్విచ్ ఏసినప్పుడు ఏది కావాలంటే అది తెరుసుకుంటం."

"రెండు కాపురాలా! నేను ఒక్కదానికే సస్తున్న" అంటూ మా ఆయన నా వంక చూశాడు.

"ఎవరు సస్తున్నరో బజారందరికీ ఎరుకే" అన్నాను నేను.

నవ్వాడు గానీ ఆయన భయం ఆయనది. ఆ వారమే ఒక అడవి ఊరి వాళ్ల పోడు అర్జీలన్నీ కొట్టి పెట్టాడు. ఎవరి చేనుకు ఏ వాగు హద్దు, ఏ ఇప్పచెట్టు హద్దు, వాళ్లు నోటితో చెబుతుంటే రెండు రోజులు కూర్చుని కొట్టినవి. ప్రింటరులో సిరా అయిపోయి ఇంకా అచ్చు తీయలేదు. సోమవారం వస్తామని చెప్పి పోయారు. అవి పోతే ఊరు ఊరంతా కూలి మానుకుని మళ్లీ దిగి రావాలి.

"నా అర్జీలకు మాత్రం ఏం కావద్దు బిడ్డా."

"నీ కాగితాలన్నీ సీ ల ఉన్నయి నాయినా. నేను డి ల ఏసుకుంట. డి ఖాళీనే, పోయిన నెల చూసిన."

ఆ డబ్బాలో జాగా రెండు ముక్కలుగా ఉంటుందట, ఒకటి సీ, ఇంకోటి డి. సీడీ పెట్టగానే తెర మీద ఒక పొడుగాటి పట్టీ వచ్చింది. పేర్లు లేవు, కొలతలే. అమ్మాయి రెండో ముక్క మీద బాణం పెట్టి, "దీన్ని మొత్తం తుడిసేస్తే ఇది నాది" అంది.

నేను గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. తుడవడం అన్న మాటకు నా చెయ్యి ఆగింది. బుధవారం నాడూ అక్కడే కూర్చున్నాను. ఎవరో పెట్టిన పెన్‌డ్రైవు నుంచి వైరస్ వచ్చిందని ఈయన ఒకటే గాబరా. గోదారికి వరదొచ్చి రెండో హెచ్చరిక ఇచ్చారంటే మా ఇంట్లో అందరికీ తెలిసిన పని ఒకటే, బియ్యం బస్తా, ట్రంకు పెట్టె మిద్దె మీదికి చేర్చడం. ఆ రోజు ఈయన చేసిందీ అదే.

"ఆగు బిడ్డా. మీ నాయిన కాగితాలు మిద్దె మీదికి ఎక్కిచ్చిండు."

"ఏ మిద్దె?"

"దాంట్ల మిద్దె. ఆయన్నే అడుగు."

"అవ్, ఎక్కిచ్చిన" అన్నాడాయన. "పురుగు కిందింట్లకు వచ్చింది. సీ ల నుంచి డి లకు జరిపిన."

"డి మిద్దె అని ఎవరు చెప్పిండ్రు నాయినా?"

"ఒకరు చెప్పాల్నా? సీ ముందు, డి తర్వాత. కిందిల్లు కట్టినంకనే గద మిద్దె కట్టేది!"

అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతా ఆపి, సీడీ తీసి, మామూలుగా తెరిచి చూసింది. ఆ ఊరి అర్జీలన్నీ డి లోనే ఉన్నాయి. సీ లో ఒక్కటి లేదు.

"ఇంకోపాలి చూడకపోవుడు నాదే తప్పు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"చెప్పకపోవుడు నాది. ఇప్పుడేం పోయింది? ఏడ్వకు."

అమ్మాయి ముందు వాటిని తన పెన్‌డ్రైవులోకి ఎక్కించి, తీసి నా కొంగున ముడివేసింది. సీడీ మళ్లీ పెట్టి, ఇక డి నే రెండు చేయాలంది. మా వైపు పంపకాల్లో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకుంటాడు. అందుకే పెద్దవాడు ఎక్కువ తక్కువలు వెయ్యడు. ఆ మాటే అన్నాను. మా ఆయన మౌసు పట్టుకుని, గట్టు వేసినంత జాగ్రత్తగా పట్టీ మీది గీతను డి నడిమికి తెచ్చాడు.

"కోరుకో బిడ్డా."

"చివరిదే నాయినా. ముందు దాంట్ల నీ అర్జీలుంటయి, నాకు ఇదొక్కటే కుదురుతది."

"గట్లైతే ఇగ కోరుకునుడేంది?"

"కుదిరేదే కోరుకుంటున్న!"

గంటసేపు పట్టింది. కరెంటు పోకూడదని ముగ్గురం ఫ్యానే చూస్తూ కూర్చున్నాం. పోలేదు. అర్జీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సాయంత్రం దాకా అమ్మాయి తన వాటాలో కూర్చుని, లేవమంటే లేవలేదు.

సోమవారం పొద్దున అది ఖమ్మం బస్సెక్కింది. కాసేపటికే ఆ అడవి ఊరి పెద్దాయన వచ్చాడు. మా ఆయన కొత్త సిరా వేసి స్విచ్ నొక్కితే నల్లటి తెర మీద రెండు పేర్లు నిలిచాయి.

"ఏంది సారూ, ఒక్క దాంట్ల రెండు రాసున్నయి?"

"ఒకటి నాది, ఒకటి మా బిడ్డది. జాగ పంచిచ్చిన."

"ఆడపిల్లకా?"

"అవ్. సగం."

పెద్దాయన తెర మీది ఆ రెండు పేర్లకేసి మళ్లీ చూశాడు. తన అర్జీ తెర మీదికి వచ్చి అచ్చుకు పోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు సారూ. నా పేరు పక్కన నా బిడ్డ పేరు గూడ ఎక్కియ్యి. ఆ చేన్ల రాళ్లన్నీ ఏరింది అదే."

మా ఆయన పెద్దాయన పేరు పక్కన చోటు చేసి, "చెప్పు, ఏం పేరు?" అన్నాడు.