వినేవాళ్ళకీ ఆకలి ఉంటుందన్న మేడం గారు

మా మేడం గారు పోయారు. మంగళవారం పొద్దున్న నేను కాలేజీకి బయల్దేరుతుంటే తోటి కౌన్సెలర్ ఒకాయన ఫోన్ చేసి చెప్పారు. తర్వాత ఆయనే, "ఆవిడైతే ఈపాటికి మన టిఫిన్లు అయ్యాయో లేదో అడిగేవారండీ," అన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాను.

ఆవిడ చాలా ఏళ్ళు మానసిక చికిత్స చేసి, రిటైరయ్యాక మాలాంటి కౌన్సెలర్లకి శిక్షణ ఇచ్చేవారు. బెంజ్ సర్కిల్ వెనక సందులో, వాళ్ళ మేడ మీద గదిలో, నెలకో ఆదివారం. మొదటిసారి పెన్నూ పుస్తకం పట్టుకుని బుద్ధిగా వెళ్ళాను. అక్కడ ప్రొజెక్టరూ లేదు, బోర్డూ లేదు. చాపలు, తడిమట్టి, రంగులు, గిన్నె నిండా పులిహోర. "రోజంతా పక్కవాళ్ళ బాధ వింటారు. వినేవాళ్ళకీ ఆకలి ఉంటుందమ్మా. ముందు తినండి," అన్నారు.

ఎవరైనా ఇంగ్లీషులో పెద్ద మాట వాడితే, "అదే ముక్క ఉయ్యూరులో మా పిన్నికి చెప్పినట్టు చెప్పండి," అనేవారు. సగంమందిమి ఆ మాట వదిలేసి పులిహోర గిన్నె వైపు తిరిగేవాళ్ళం.

రెండేళ్ళ కిందట నేను ఈ పని మానేద్దామనుకున్నాను. మా ఇంటర్ కాలేజీలో ఒక అమ్మాయి వారం వారం నా గదికొచ్చి, నేను ఎన్ని అడిగినా పెదవి విప్పకుండా వెళ్ళిపోయేది. ఆ మౌనం నాతోపాటు ఇంటికొచ్చేసేది. మా ఆయన పలకరించినా విసుక్కునేదాన్ని. ఆ ఆదివారం మేడంతో, "ఇంక నావల్ల కాదండీ. మా అక్క బట్టల షాపులో కూర్చుంటాను," అన్నాను.

"మంచిదేగా. నాకు చీరల్లో డిస్కౌంట్ ఇప్పించు," అంటూనే, కొండపల్లి నుంచి తెప్పించిన, ఇంకా రంగు పడని కొయ్య ఏనుగొకటి నా చేతిలో పెట్టారు. "దీనికి రంగేసి వెళ్ళు."

పక్కనే కూర్చుని తనొక చిలకకి రంగేసుకున్నారు. నన్నేమీ అడగలేదు. ఏనుగుకి పచ్చ చెవులు దిద్దుతూ దిద్దుతూ ఆ అమ్మాయి సంగతంతా నేనే చెప్పేశాను. ఏడ్చాను కూడా. అంతా అయ్యాక తలెత్తి, "నేను ఒక్క ప్రశ్నయినా వేశానా?" అన్నారు.

లేదన్నాను.

"మరి ఆ పిల్లని అన్ని ప్రశ్నలెందుకు అడుగుతున్నావు?"

తర్వాతి వారం ఆ అమ్మాయి వచ్చేసరికి బల్ల మీద రంగులు పెట్టి, నా మానాన నేను బొమ్మ వేసుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి, "మేడం, అది కుక్కా, మేకా?" అంది. నా గదిలో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే. గేదె అని చెప్పాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. అసలు మాటలు ఆ తర్వాత నెమ్మదిగా వచ్చాయి. నేనింకా ఈ పనిలో ఉన్నానంటే మేడం గారి చలవే.

చివరి క్లాసులో ఆవిడ మాకు కోలాటం నేర్పబోయారు. ఒక తిప్పు దగ్గర తనే అటు తిరగబోయి ఇటు తిరిగి, ఇద్దరు ముగ్గురి డొక్కల్లో పొడిచారు. నవ్వీ నవ్వీ అలసిపోయి మెట్లు దిగాం. ఆటో కోసం సందులో నిలబడి పైకి చూశాను. మేడ మీద కిటికీలో ఆవిడ ఒక్కరే, ఎవరూ చూడట్లేదనుకుని, కోలలు పట్టుకుని ఆ తిప్పే మళ్ళీ తిరుగుతున్నారు. మళ్ళీ తప్పింది. ఆగి, కొంగు బిగించి, మొదటినుంచి ఎత్తుకున్నారు.