పైకప్పు తట్టని రాకుమారుడు

బొగ్గుబాయిలో డ్యూటీ దిగి, ఒళ్లు కడుక్కున్నాక గట్టయ్య తిన్నగా బెల్లంపల్లి గ్రంథాలయానికి వస్తాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలే ఉంటుంది. యాభై ఏళ్ల మనిషి, అడిగేది మాత్రం పిల్లల సాహస నవలే. వరుస మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాడు. ఆ రోజు కథలో రాకుమారుడు దివిటీ పట్టుకుని మాంత్రికుడి గుహలోకి పరుగెత్తాడు. గట్టయ్య వేలు ఆగిపోయింది.

“పైకప్పు కర్రతోని తట్టి సూడకనే ఉరికిండు సారూ! డొల్ల మోత వస్తే కూలుతది.”

“కథే కదా గట్టయ్యా, ఏం గాదు,” అని నవ్వాడు గ్రంథపాలకుడు.

“మా తమ్ముడు సుత గట్లనే ఉరికిండు. మల్ల పైకి రాలే.”

పెన్సిల్ అడిగి తీసుకుని, పేజీ అంచున వంకర అక్షరాలతో ‘తట్టి సూసి పో బిడ్డా’ అని రాశాడు. ఆ మాట రాకుమారుడికి అందేంతసేపు ఆగి, అప్పుడు పేజీ తిప్పాడు.