మరిది చెట్లకు పెట్టిన కత్తి

గురమ్మ తన మరిది చీనీ చెట్లకు, అంటే బత్తాయి చెట్లకు, కత్తి పెట్టిందని ఊరంతా పాకింది. తెల్లవారకముందే పాల క్యాన్లతో పోతున్న వసంతకుమార్, ఆమె ఆ మరిది వీరభద్ర తోటలో కూర్చుని చెట్టు మొదట్లో కత్తితో చెక్కుతుంటే చూశాడట. ఆ మాట టీ కొట్టు చేరేసరికి చెక్కడం నరకడమైంది. మధ్యాహ్నానికి సగం తోట పోయిందన్నారు. మైదుకూరు చుట్టుపక్కల చీనీ చెట్టు మీద కత్తి పడిందంటే దాని అర్థం అందరికీ తెలుసు. పగ ఉన్నవాడు ముందు తోట మీదికి వస్తాడు. ఆ తర్వాత నరికినవాడి తోట కూడా మిగలదు.

గురమ్మ మా పెద్దమ్మ. తొమ్మిదో తరగతిలో బడి మానినప్పటి నుంచి నేను ఆమె వెంట తోట పనికి పోతున్నాను. ఆమె గోళ్లు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. అది చెట్ల మందులో కలిపే మైలుతుత్తం రంగు, ఎంత తోమినా పోదు.

మా పెదనాన్న పుల్లయ్య చాలా ఏళ్లు ట్యాంకర్ నీళ్లతో తమ చీనీ తోటను బతికించాడు. తర్వాత బోరులో నీళ్లు పడ్డాయి. ఇక ఆయన చెయ్యి ఆగలేదు. మొదళ్లు మునిగేదాకా పాదుల నిండా నీళ్లు నిలబెట్టి, గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఎండిన చెట్లు, కడుపు నిండా తాగనీ అనేవాడు. మట్టి ఎగదోసి, అంటు కట్టిన చోటు కూడా కప్పేశాడు.

కొన్నాళ్లకు మొదళ్ల నుంచి తేనె రంగు బంక కారింది. చెట్టుకు బలమెక్కువైందనుకున్నారు. ఆ ఏడు పూత కూడా ఎప్పుడూ లేనంతగా వచ్చింది. పెద్దమ్మ తోటకు దిష్టి తీసింది. చావబోయే చెట్టు అలా విరగబూస్తుందని అప్పటికి మాకెవరికీ తెలియదు. తర్వాత ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. ఉద్యాన శాఖ నుంచి వచ్చినాయన ఒక చెట్టు బెరడు లేపి చూపించాడు. లోపల గోధుమ రంగులో కుళ్లి, పులిసిన వాసన కొట్టింది. బంక తెగులన్నాడు. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే వస్తుందని, పారే నీళ్లతో పక్క చెట్లకూ పోతుందని చెప్పాడు. సగం తోట పీకేశారు.

మిగిలిన సగాన్ని పెద్దమ్మ కాపాడుకుంది. మొదళ్ల దగ్గర మట్టి లాగేసి, నీళ్లు కాండానికి తగలకుండా దూరంగా పాదులు తీసింది. కుళ్లిన బెరడును పచ్చిది కనిపించేదాకా చెక్కి, ఆ పెచ్చులు నేల మీద పడకుండా గుడ్డలో పట్టి కాల్చేసేది. మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం మందు గాయానికి పూసేది. పెదనాన్న మాత్రం ఆ తర్వాత నీళ్లు కట్టడానికి పోలేదు.

అన్నదమ్ములిద్దరికీ ఆ బోరు నీళ్ల దగ్గరే మాట చెడింది. వీరభద్ర తోట పల్లంలో ఉంది. మా పాదులు పొంగినప్పుడు నీళ్లు అటే పారేవి. ఈసారి వానలు వెనకబట్టాక అతని చెట్లకూ బంక కనిపించింది. అన్నాల దగ్గర పెద్దమ్మ ఆ మాట ఎత్తింది.

"వాని చెట్లు వాడు చూసుకుంటాడు. గట్టు దాటినావంటే నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు పెదనాన్న.

"మన నీళ్లే గదా ఆడికి పోయింది" అని ఆమె లేచిపోయింది.

వసంతకుమార్ చూసింది ఆ తర్వాతే. ఆ పొద్దు పెద్దమ్మ కొంగులో చుట్టుకొచ్చిన కత్తి మా ఇంటిది కాదు. నేను అడగలేదు.

సాయంత్రం వీరభద్ర గొడ్డలితో మా తోటలోకి వచ్చాడు. వెనక నలుగురు. పెదనాన్న పార పట్టుకుని ఎదురు నిలబడ్డాడు.

"ఏం వదినా, నీ చెట్లు సచ్చినాయని మా చెట్ల మీద పడితివా?"

పెద్దమ్మ నేల చూస్తూ నిలబడింది.

"నిన్ను ఎవరు రమ్మన్నారు మా తోటలోకి?" అని వదినను మళ్లీ నిలదీశాడు వీరభద్ర.

అతను గొడ్డలి ఎత్తి దగ్గరున్న చెట్టు మీద వేశాడు. బెరడు ఎగిరిపడింది. పెదనాన్న పార ఎత్తాడు. ఇంతలో గట్టు మీంచి స్వర్ణలత, వీరభద్ర భార్య, పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది.

"అక్కను నేనే రమ్మన్నా. మబ్బుతోనే, తెల్లారకముందే రమ్మన్నా, నువ్వు చూడకూడదని. ఆ కత్తి మనింట్లోదే. చెట్లు సస్తాండాయి, నువ్వేమో వీళ్లతో పలకవు. నన్నేం చేయమంటావు?"

వీరభద్ర భార్య వైపు చూసిన చూపుకు నాకు భయమేసింది. అతను గొడ్డలి దించి తన తోటలోకి దిగాడు. ఆ నలుగురూ వెంట పోయి చూశారు. చెట్లన్నీ నిలబడే ఉన్నాయి. కొన్నింటి మొదళ్లకు నీలం మందు పూసి ఉంది. అది కొత్తగా పూసిందే.

అన్నదమ్ములు ఇప్పటికీ పలకరించుకోరు. పెదనాన్న పెద్దమ్మతో కూడా మాట్లాడడం మానేశాడు. స్వర్ణలత ఆ తర్వాత మా వైపు రాలేదు. మందు పూసిన చెట్లలో కొన్ని ఎండిపోయాయి, కొన్ని కొత్త చిగురు వేశాయి. మైదుకూరు బస్సులో మాత్రం, మరిది తోట నరికింది ఈమేనంటూ పెద్దమ్మను ఇంకా చూపిస్తారు.

ఆ రోజు గొడ్డలి దెబ్బ పడిన చెట్టు ఒక్కటే. అది గురమ్మది.